కనిపించని చేప పిల్లలు ఏమయ్యాయి? పిట్ ట్యాగులతో ఒక వాగు మీద చేసిన కేస్ స్టడీ

అమెరికాలోని ఈశాన్య ఆరెగాన్‌లో గ్రాండ్ రోండ్ నదిలో కలిసే ఒక చిన్న వాగు మీద మా బృందం చేసిన పని గురించి రాస్తున్నాను. వాగు పేరు చెప్పడం లేదు. ఒడ్డు పొడుగునా ఉన్నవి సొంత భూములు. యజమానులు మమ్మల్ని నమ్మి లోపలికి రానిచ్చారు, ఆ నమ్మకాన్ని కాపాడుకోవాలి. గ్రాండ్ రోండ్ వెళ్లి స్నేక్ నదిలో, స్నేక్ వెళ్లి కొలంబియాలో కలుస్తాయి. ఈ వాగులో పుట్టిన చేప పిల్ల పసిఫిక్ సముద్రం చేరాలంటే లోయర్ గ్రానైట్ నుంచి బోన్‌విల్ దాకా 8 పెద్ద డ్యాములు దాటాలి.

ఇక్కడ ఎక్కువగా ఉండేది స్టీల్‌హెడ్. స్టీల్‌హెడ్, రెయిన్‌బో ట్రౌట్ ఒకే జాతి. బతుకంతా మంచినీళ్లలోనే గడిపితే రెయిన్‌బో అంటాం, సముద్రానికి వెళ్లి పెరిగి గుడ్లు పెట్టడానికి తిరిగొస్తే స్టీల్‌హెడ్ అంటాం. పిల్లగా ఉన్నప్పుడు ఏది ఏదవుతుందో చూసి చెప్పలేం. వాటితో పాటు చినూక్ సాల్మన్ పిల్లలు కొన్ని ఉంటాయి. స్నేక్ నది వసంత, వేసవి చినూక్ 1992 నుంచి, స్టీల్‌హెడ్ 1997 నుంచి అమెరికా ఫెడరల్ చట్టం రక్షణలో ఉన్నాయి. అందుకని ఒక్క పిల్లను వలలో పట్టాలన్నా అనుమతి ఉండాలి. ఎన్ని పట్టాం, ఎన్నింటికి ట్యాగు (చేప ఒంట్లో పెట్టే గుర్తింపు నంబరు) వేశాం, ఎన్ని చనిపోయాయి అన్నది ఏటా లెక్క అప్పజెప్పాలి.

మేం రాకముందే ఈ వాగులో దుంగలు వేసి మడుగులు ఏర్పడేలా కొంత పని జరిగింది. వేసవిలో చూస్తే ఆ మడుగుల నిండా పిల్లలే. తర్వాతి వసంతంలో చూస్తే చాలా తక్కువ. చలికాలం వాటిని చంపేస్తోందని అందరికీ అనిపించింది. అదే నిజమైతే వచ్చే నిధులన్నీ ఈ వాగులోనే ఇంకా లోతైన మడుగులు తవ్వడానికి, ఇంకా దుంగలు వేయడానికి పెట్టాలి. ప్రతిపాదన దాదాపు సిద్ధంగా ఉంది. దాని మీద సంతకాలు పడేలోపు ఆ అనుమానం నిజమో కాదో తేల్చమని మాకు అప్పగించారు.

నా దృష్టిలో అసలు ప్రశ్న ఇది: వేసవిలో చూసిన చేప వసంతంలో కనిపించలేదంటే దానికి మూడు కారణాలు ఉండొచ్చు. చనిపోయి ఉండాలి, వెళ్లిపోయి ఉండాలి, లేదా అక్కడే ఉన్నా మన కంట పడలేదు. ఈ మూడింటినీ విడదీయలేని సర్వే ఎంత శ్రద్ధగా చేసినా చనిపోయిన వాటి లెక్క చెప్పలేదు. విడివిడిగా ఒక్కో చేపను గుర్తుపట్టగలిగితేనే ఆ పని అవుతుంది. ట్యాగులు అందుకే.

ట్యాగు, చేప, చేతులు

పిట్ ట్యాగు బియ్యపు గింజ కంటే కొంచెం పొడవుండే గాజు గొట్టం. మేం వాడినవి 12 మిల్లీమీటర్లవి. వ్యాసం 2 మిల్లీమీటర్ల పైచిలుకు, బరువు 0.1 గ్రాము. లోపల ఒక చిప్, దానికి సన్నటి రాగి తీగ చుట్ట. బ్యాటరీ లేదు. యాంటెన్నా 134.2 కిలోహెర్ట్జ్ దగ్గర అయస్కాంత క్షేత్రం సృష్టిస్తుంది, ట్యాగు అందులోకి రాగానే దాని నుంచే శక్తి తీసుకుని తన నంబరు పంపిస్తుంది. ఒక్కో ట్యాగుకు ఒక్కో నంబరు, మరో చేపకు అదే నంబరు రాదు. బ్యాటరీ లేదు కాబట్టి అయిపోవడమన్నది లేదు, చేప బతికినంత కాలం పనిచేస్తుంది. ఇక్కడ పుట్టి సముద్రానికి వెళ్లిన చేప కొన్నేళ్లకు పెద్దదై బోన్‌విల్ డ్యాము చేప మెట్లెక్కుతుంటే అదే నంబరు మళ్లీ పలుకుతుంది. కొలంబియా బేసిన్‌లో 1980ల చివరి నుంచి ఈ ట్యాగులు వాడుతున్నారు. మొదట్లో 400 కిలోహెర్ట్జ్ ట్యాగులు ఉండేవి, 2000లో బేసిన్ మొత్తం 134.2కి మారింది. ఎవరు ఎక్కడ ట్యాగు వేసినా, ఏ యాంటెన్నా చదివినా ఆ సమాచారం పీటాజిస్ అనే ఉమ్మడి డేటాబేస్‌లోకి చేరుతుంది. ఈ ఉమ్మడి ఏర్పాటు లేకపోతే మా చిన్న వాగు కథ దాని సంగమం దగ్గరే ఆగిపోయేది.

చేపల్ని పట్టడానికి వీపున తగిలించుకునే ఎలక్ట్రోఫిషింగ్ యంత్రం వాడాం, అది నీటిలోకి కరెంటు పంపి చేపల్ని కాసేపు కదలకుండా చేస్తుంది. చట్టం రక్షణలో ఉన్న సాల్మన్ జాతుల కోసం అమెరికా ప్రభుత్వ చేపల సంస్థ నోవా ఫిషరీస్ 2000లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం నీటి ఉష్ణోగ్రత 18 డిగ్రీల సెల్సియస్ దాటితే, దాటేలా ఉన్నా, కరెంటు పెట్టకూడదు. ఏసీ కరెంటు అసలు వాడకూడదు, డీసీ లేదా పల్స్ డీసీయే వాడాలి. నీటి వాహకతను బట్టి వోల్టేజీకి పరిమితి ఉంది. వేసవి మధ్యాహ్నాల్లో ఈ వాగు ఆ 18 డిగ్రీల గీతను సులువుగా దాటుతుంది. అందుకే పని తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండ ఎక్కకముందే ముగించేవాళ్లం. థర్మామీటర్ చూసే బాధ్యత ఒకరికి ప్రత్యేకంగా అప్పగించాం. పని జోరులో ఉన్నప్పుడు 'ఇంకో మడుగు చూసి ఆపేద్దాం' అని అందరికీ అనిపిస్తుంది. ఆపమనే అధికారం యంత్రం మోస్తున్న మనిషికి ఇవ్వకూడదని నా గట్టి అభిప్రాయం.

పట్టిన పిల్లల్ని గాలి పంపు ఉన్న చల్లటి నీళ్ల బకెట్లలో ఉంచి, కొన్ని కొన్నిగా మత్తు నీళ్లలోకి మార్చాలి. మత్తుకు ఎంఎస్-222 వాడాం. అది నీటిని ఆమ్లంగా మారుస్తుంది కాబట్టి వంట సోడా కలిపి సరిచేయాలి. చేప పక్కకు ఒరిగి, మొప్పలు మాత్రం నిదానంగా ఆడుతుండగా బయటికి తీసి, పొడవు, బరువు చూసి, 12 గేజ్ సూదితో పొట్టలోకి ట్యాగు పంపాలి. సూది పొట్ట మధ్య గీతకు కొంచెం పక్కగా, ముందు రెక్కల కొనలకు కాస్త వెనక దిగాలి, లోతుకు పోకూడదు. ఒక్కో చేపకు కొత్త సూది. చేయి అలవాటైతే దీనికి పట్టే టైం కొన్ని సెకన్లే. తర్వాత పూర్తిగా తేరుకుని, మనిషి నీడ పడితే తప్పించుకుని పారిపోయేంత చురుగ్గా ఉంటేనే పట్టిన మడుగులోనే వదలాలి. తేరుకోని పిల్లను ప్రవాహంలో వదిలితే, దాన్ని కింద ఇంకో చేపో పక్షో తినేస్తే, మన లెక్కలో అది 'చలికాలపు మరణం' అయి కూర్చుంటుంది.

ఏ పొడవు నుంచి ట్యాగు వేయాలన్న దాని మీద చాలా చర్చ జరిగింది. మేం 65 మిల్లీమీటర్లకు తక్కువున్న పిల్లలకు వేయలేదు. 65 మిల్లీమీటర్ల పిల్ల బరువు సుమారు 3 గ్రాములు, అంటే ట్యాగు దాని బరువులో 3 శాతం పైనే. ట్యాగు చేప బరువులో 2 శాతం దాటకూడదని పాత నియమం ఒకటుంది. దాన్ని అక్షరాలా పాటిస్తే 77 మిల్లీమీటర్ల కంటే చిన్నవాటిని ముట్టుకోలేం, అప్పుడు ఈ వాగులో ట్యాగు వేయడానికి దొరికేవి పెద్ద పిల్లలు మాత్రమే. ఆ 2 శాతం అంత కచ్చితమైన గీత కాదని తర్వాత చాలామంది పరీక్షించి చూపారు. 8 మిల్లీమీటర్ల ట్యాగులు తేలిక, ఇంకా చిన్న పిల్లలకూ పనికొస్తాయి. కానీ వాటిని యాంటెన్నా చదవగలిగే దూరం బాగా తగ్గిపోతుంది. వాగు వెడల్పంతా కాపలా కాయాల్సిన మాకు అది కుదరలేదు. కాబట్టి ఈ కేసులో చెప్పే ప్రతి మాటా 65 మిల్లీమీటర్లు దాటిన పిల్లల గురించే. ఆ ఏడు వసంతం చివర్లో గులకరాళ్ల లోంచి బయటపడ్డ పిల్లల్లో, వేసవి ముగిసేసరికి ఆ పొడవు అందుకోనివి చాలా ఉంటాయి. అవి మా కథలో లేవు.

యాంటెన్నాలు ఎప్పుడు పనిచేయాలి?

సంగమానికి కొంచెం పైన రెండు వరుసల యాంటెన్నాలు పెట్టాం, మధ్యలో కొన్ని మీటర్ల ఎడం ఉంచి. ఒకటే వరుస ఉంటే చేప వచ్చిందని తెలుస్తుంది, ఎటు పోతోందో తెలియదు. రెండుంటే ఏది ముందు చదివిందో చూసి దిక్కు చెప్పొచ్చు. చేప దాటినా మనకు దొరకని సందర్భాల్ని అంచనా వేయడానికీ రెండు కావాలి. పైపులో తీగ చుట్టి, నిలువుగా గుమ్మంలా నిలబెట్టే పద్ధతి ఒకటుంది. అందులో చేప లోపలి నుంచి దూరి వెళ్తుంది కాబట్టి చక్కగా చదువుతుంది. కానీ వరదలో కొట్టుకొచ్చే కొమ్మలూ దుంగలూ దాన్ని పీకేస్తాయి. అడుగున పడుకోబెట్టి కట్టే పద్ధతిలో యాంటెన్నా వరదకు తట్టుకుంటుంది, అయితే నీళ్లు లోతైనప్పుడు పైపైన ఈదుకుంటూ పోయే చేప దొరకదు. మేం రెండోది ఎంచుకున్నాం. 12 మిల్లీమీటర్ల ట్యాగుకు అందే ఎత్తు అర మీటరు అటూ ఇటూ ఉంటుంది, అదీ ట్యాగు సరైన దిశలో ఉంటేనే. రెండు ట్యాగులు ఒకేసారి ఆ క్షేత్రంలోకి వస్తే ఒకదానికొకటి అడ్డుపడి రెండూ చదవబడకపోవచ్చు.

అసలు వివాదం కాలం దగ్గర వచ్చింది. యాంటెన్నాలను మార్చిలో ఆన్ చేసి జూన్ దాకా నడిపితే చాలని మొదటి ప్రణాళికలో ఉంది. స్టీల్‌హెడ్ పిల్లలు వెండి రంగు తేలి స్మోల్టులై సముద్రం వైపు కదిలేది వసంతంలోనే కాబట్టి ఇందులో తప్పేమీ కనిపించదు. పైగా చలికాలంలో సోలార్ ప్యానెళ్లకు ఎండ చాలదు, బ్యాటరీలు మంచులో మోసుకెళ్లాలి, అడుగున గడ్డకట్టే మంచు యాంటెన్నాలను లేపేయగలదు. ఖర్చూ, టెన్షనూ రెండూ నిజమే. అయినా శరదృతువులో, చలికాలంలో కూడా నడపాల్సిందేనని పట్టుబట్టాం. మా దగ్గరున్న కారణం ఒక్కటే: గ్రాండ్ రోండ్‌లోనే కలిసే మరో వాగు క్యాథరీన్ క్రీక్‌లో, ఐడహోలోని లెమ్హై నదిలో చినూక్ పిల్లలు పెద్ద సంఖ్యలో శరదృతువులోనే పైనుంచి దిగి కింద నదుల్లో చలికాలం గడుపుతాయని ఎప్పటి నుంచో తెలుసు. వాటి బతుకులో అదొక మామూలు దారి. మా వాగులో స్టీల్‌హెడ్ పిల్లలు అదే చేయడం లేదని ఎలా అనుకోగలం?

అనుమతి వచ్చింది. అక్టోబరులో రాత్రి నీటి ఉష్ణోగ్రత వేగంగా పడిపోయినప్పుడు, వాన పడి ప్రవాహం కాస్త పెరిగినప్పుడు, సంగమం దగ్గర నంబర్లు వరుసగా పలకడం మొదలైంది. దాదాపు అన్నీ చీకటి పడ్డాకే. పైవరుస ముందు, కిందివరుస తర్వాత, అంటే నది వైపే. వేసవిలో ఏ మడుగుల్లో ట్యాగు వేశామో అవే పిల్లలు. ఆ రికార్డు చూసినప్పుడు బృందంలో అందరం ఆనందపడ్డాం. ప్రతిపాదన మొత్తం ఆధారపడిన 'చలికాలపు మరణాల్లో' ఒక పెద్ద భాగం ప్రాణాలతో మా కళ్ల ముందు నుంచి ఈదుకుంటూ వెళ్లిపోయింది.

మిగిలినవి ఎక్కడ?

వెళ్లిపోయినవి వెళ్లిపోగా, సంగమం దాటినట్టు ఎక్కడా నమోదు కాని పిల్లలు ఇంకా చాలానే ఉన్నాయి. చలికాలం నడిమధ్యలో పగటిపూట స్నార్కెల్ వేసుకుని చూస్తే వాగు ఖాళీగా ఉంటుంది. దాన్ని బట్టి చేపలు లేవని రాయడం చాలా తేలిక. నీరు 8, 10 డిగ్రీల కిందికి పడిపోగానే ట్రౌట్, సాల్మన్ పిల్లలు పగలు గుండ్రాళ్ల సందుల్లోకి, దుంగల కిందికి, ఒడ్డున వేళ్ల మధ్యకు దూరి కదలకుండా ఉంటాయి, రాత్రి మాత్రం బయటికి వస్తాయి. పగటి సర్వేకు ఇవి దొరకవు. అందుకే కర్ర చివర గుండ్రటి యాంటెన్నా బిగించి, వీపున రీడర్ తగిలించుకుని, వాగు అడుగంతా నెమ్మదిగా జల్లెడ పట్టుకుంటూ పైకి నడిచాం. రాయి కింద ఉన్న ట్యాగు కూడా పలుకుతుంది కదా.

పలికిన ప్రతి నంబరూ బతికున్న చేపే అనుకుంటే మళ్లీ లెక్క తప్పుతుంది. చనిపోయిన చేప కుళ్లిపోయాక దాని ట్యాగు గులకరాళ్లలోనే ఉండిపోయి, ఎన్నేళ్లయినా పలుకుతూనే ఉంటుంది. చేప బతికుండగానే ట్యాగు బయటపడిపోవడమూ ఉంది. పిల్లల్లో అది చాలా తక్కువ, గుడ్లు పెట్టే ఆడ ట్రౌట్లలో ఎక్కువ. వీటిని విడదీయడానికి ఒక నియమం పెట్టుకున్నాం. నంబరు పలికిన చోట రాయిని మెల్లగా కదిలించాలి. సిగ్నల్ పక్కకు జరిగితే చేప ఉన్నట్టు. జరగకపోతే అది 'సందేహం' గడిలోకి పోతుంది. తర్వాతి రౌండులోనూ, వరద వచ్చి వెళ్లాక కూడా అక్కడే పలికితే దాన్ని చనిపోయిన ట్యాగుగా రాస్తాం. ఇది విసుగు పుట్టించే పని. చల్లటి నీళ్లలో వేళ్లు తిమ్మిరెక్కుతుండగా ప్రతి నంబరు దగ్గరా ఆగాలి. కానీ కేసు మొత్తంలో నాకు అన్నిటికంటే విలువైన డేటా ఇదే. చేప చనిపోయిందని నేరుగా సాక్ష్యం చెప్పేది ఈ కదలని ట్యాగులే. అవి ఎక్కడ పోగయ్యాయో చూస్తే చావు ఎక్కడ జరుగుతోందో కూడా కొంత తెలుస్తుంది. మా వాగులో అవి ఎక్కువగా కనిపించింది దుంగలు లేని, అడుగంతా మెత్తటి మట్టితో పూడుకుపోయి సందులు లేని పైభాగంలో. దుంగలు వేసిన మడుగుల దగ్గర బతికున్న పిల్లలే ఎక్కువగా పలికాయి. గతంలో జరిగిన పని వృథా కాలేదని ఇది చెప్పింది.

తిన్న జంతువు ట్యాగును మోసుకుపోయే అవకాశాన్నీ మర్చిపోకూడదు. కొలంబియా నది సముద్రంలో కలిసే చోట ఈస్ట్ శాండ్ ఐలాండ్ మీద కాస్పియన్ టెర్న్‌లు, నీటికాకులు గూళ్లు పెట్టిన నేలను స్కాన్ చేసి, అవి తిన్న పిల్లల ట్యాగులు లెక్కపెడతారు. ఏ పక్షి ఎన్ని పిల్లల్ని తింటోందో ఆ బేసిన్‌లో తెలిసింది అలాగే. చిన్న వాగు దగ్గర కొంగో, మింక్ అనే ముంగిస లాంటి జంతువో తిని ఒడ్డెక్కిపోతే మా కర్ర యాంటెన్నాకు అది దొరకదు. అలాంటివి లెక్కలో 'తెలియనివి'గానే మిగిలాయి, వాటిని బలవంతంగా ఏ గడిలోనూ వేయలేదు.

వసంతం వరదలో లెక్క

ఏప్రిల్, మే నెలల్లో కొండల మీద మంచు కరిగి వాగు ఉధృతంగా పారుతుంది. స్మోల్టులు వెళ్లేదీ అప్పుడే. అంటే యాంటెన్నా బాగా చదవాల్సిన రోజుల్లోనే అది తక్కువ చదువుతుంది. నీళ్లు మీటరు లోతున్నప్పుడు అర మీటరు ఎత్తు దాకా చదివే యాంటెన్నా సగం నీటికే కాపలా. ఆ రోజుల్లో నంబర్లు తక్కువొస్తే చేపలు తక్కువని రాసే ప్రమాదం ఉంది.

ఇక్కడే కింది డ్యాములు సాయపడ్డాయి. లోయర్ గ్రానైట్ దగ్గరో, ఇంకా కింద ఎక్కడో మా వాగు పిల్ల పలికిందంటే అది సంగమం దాటిందన్నది ఖాయం. అలా ఖాయమైన వాటిలో ఎన్నింటిని సంగమం యాంటెన్నా చదివిందో చూస్తే యాంటెన్నా సామర్థ్యం తెలుస్తుంది. ఉదాహరణకు కింద 50 పిల్లలు పలికాయనుకుందాం, వాటిలో 30 సంగమం దగ్గర నమోదైతే సామర్థ్యం 0.6. అప్పుడు సంగమం దగ్గర మొత్తం 120 నంబర్లు వచ్చి ఉంటే అసలు దాటినవి సుమారు 200. పైవరుస, కిందివరుసల్ని ఒకదానితో ఒకటి పోల్చీ ఇలాగే చేయొచ్చు. కానీ వరద వచ్చినప్పుడు రెండు వరుసలూ ఒకేసారి బలహీనపడతాయి కాబట్టి ఆ పోలిక సామర్థ్యాన్ని ఉన్నదానికంటే ఎక్కువగా చూపుతుంది. శరదృతువులో వెళ్లిన వాటినీ వసంతంలో వెళ్లిన వాటినీ కలిపి ఒకే సామర్థ్యం కట్టకూడదు. తక్కువ నీళ్లున్న అక్టోబరులో యాంటెన్నా చాలా బాగా చదువుతుంది, మే నెలలో అదే యాంటెన్నా వేరే యంత్రంలా ప్రవర్తిస్తుంది.

రీడర్ పనిచేస్తోందా అన్నది కూడా ఎప్పటికప్పుడు రుజువు కావాలి. గంటకోసారి తనంతట తానే పలికే పరీక్ష ట్యాగును ఒక్కో యాంటెన్నాకు కట్టాం. దాని రికార్డు లేని గంటల్ని 'చేపలు లేవు' అని కాకుండా 'డేటా లేదు' అని గుర్తించాం. ఒకసారి కొన్ని రాత్రులు చదివే దూరం ఉన్నట్టుండి పడిపోయింది. వెతికితే దగ్గర్లో కొత్తగా వేసిన కరెంటు కంచె నుంచి వచ్చే విద్యుత్ అలజడి కారణం. పొలం యజమానితో మాట్లాడితే కంచె ఎర్తింగ్ సరిచేయించారు, దూరం మళ్లీ వచ్చింది.

ప్రతిపాదన ఏమైంది?

ఈ మూడు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూపించాం: శరదృతువులో దిగిపోయినవి, వాగులోనే చలికాలం గడిపి వసంతంలో వెళ్లినవి, వాగులో చనిపోయినట్టు ఆధారం ఉన్నవి. వాగు లోపలి మరణాలు మొదట అనుకున్న దానికంటే చాలా తక్కువ. కానీ సున్నా కాదు, పైభాగంలో నిజంగానే సమస్య ఉంది. ఇంకోవైపు, శరదృతువులో దిగిపోయిన పిల్లల్లో వసంతంలో కింది డ్యాముల దగ్గర పలికినవి, వాగులోనే ఉండి వెళ్లిన వాటితో పోలిస్తే బాగా తక్కువ. అవి దిగింది నది ప్రధాన పాయలోకి. అక్కడ ఒకప్పుడు పక్క పాయలూ, చిత్తడి నేలలూ ఉండేవి. ఇప్పుడు ఏరు వంపుల్లేకుండా తిన్నగా, ఒడ్డున గట్లతో, పిల్ల చేప దాక్కోవడానికి ఏమీ లేకుండా ఉంది.

దాంతో నిధుల్ని రెండుగా విడదీశారు. కొంత వాగు పైభాగంలో దుంగలకు, ఎక్కువ భాగం కింద నది లోయలో పాత పక్క పాయ ఒకదాన్ని మళ్లీ నీటితో కలపడానికి. ఒక వాగును మాత్రమే చూసుకునే మాలాంటి బృందానికి ఇది మింగుడుపడటం కష్టమే, ఎందుకంటే డబ్బు మా హద్దు దాటి వెళ్లిపోయింది. అయినా చేప ఎక్కడ కష్టపడుతోందో అక్కడికే డబ్బు వెళ్లాలని నేను నమ్ముతాను.

ఇంత చెప్పినా, దుంగల వల్లే పిల్లలు బతికాయని మా ఒక్క వాగుతో రుజువు చేయలేం. ఒక ఏడాది చలి తక్కువైనా ఫలితం అలాగే ఉండేది. జాన్ డే బేసిన్‌లోని బ్రిడ్జ్ క్రీక్‌లో బీవర్లు (కొమ్మలతో వాగులకు అడ్డుకట్టలు కట్టే జంతువులు) కట్టే కట్టల్ని పోలిన కట్టడాలు వేసినప్పుడు, ఏ పనీ చేయని మర్డరర్స్ క్రీక్‌ను పోలిక కోసం పక్కన పెట్టుకుని రెండింటిలోనూ ఏళ్ల తరబడి ట్యాగులు వేశారు. స్టీల్‌హెడ్ పిల్లల సంఖ్య, బతికే అవకాశం, ఉత్పత్తి మూడూ పెరిగాయని 2016లో వాళ్లు ధైర్యంగా చెప్పగలిగింది అందుకే. మా దగ్గరా పక్క లోయలో అలాంటి వాగు ఒకటుంది, దుంగలు ఇంకా పడలేదు. అక్కడ ట్యాగులు వేయడానికి అనుమతి కోసం దరఖాస్తు పెట్టాం. పక్క పాయలోకి నీళ్లు వదిలేలోపే దాని రెండు చివర్లా యాంటెన్నాలు బిగించాలని పట్టుబడుతున్నాం, ఎందుకంటే పని కాకముందటి చలికాలం డేటా ఒక్కటైనా లేకపోతే తర్వాత దేనితోనూ పోల్చలేం. 65 మిల్లీమీటర్లకు అందని పిల్లల కోసం ఆ పాయలో 8 మిల్లీమీటర్ల ట్యాగులు ప్రయత్నించొచ్చు. పాయ ఇరుకు, నీళ్లు తక్కువ లోతు, యాంటెన్నా అందుకోలేనంత ఎత్తులో చేప పోయే వీలు అక్కడ లేదు.